ఐలమొరాడాలో పాత రీలు

మయామీ నగరం విడిచి దక్షిణంగా కారులో పోతూ వుంటే కొంతదూరానికి నేల అయిపోతుంది గాని రోడ్డు మాత్రం అయిపోదు. దీవినుంచి దీవికి వంతెనలమీదుగా సముద్రంలోకి సాగిపోతుంది. కుడిపక్క నీరు లేత ఆకుపచ్చ, ఎడమపక్క ముదురు నీలం. ఫ్లోరిడా కీస్ అనే ఈ దీవుల వెంట 1912లో కీ వెస్ట్ దాకా రైలు నడిచింది. 1935 సెప్టెంబరులో వచ్చిన తుఫాను ఆ రైలుకట్టను ఊడ్చిపారేసింది. మిగిలిన వంతెనలమీదనే 1938 నాటికి ఈ రోడ్డు వేశారు. తుఫానులో పోయినవారి స్మారకచిహ్నం ఐలమొరాడా అనే వూళ్ళో రోడ్డు పక్కనే వున్నది. 1977 నాటి దివిసీమ ఉప్పెన ఎరిగినవారికి ఆ రాతి ముందు నిలబడితే ఎవరూ ఏమీ వివరించనక్కరలేదు.

మేము వెళ్ళింది చేపల కోసం. టార్పన్ అనే వెండిపొలుసుల చేప వంద పౌన్లు తూగటం ఇక్కడ వింత కాదు. దాన్ని ఈకలతో, దారంతో కట్టిన దొంగ ఎర వేసి, పొడుగాటి సన్నని కర్రతో పట్టటం ఈ వూరి ప్రసిద్ధి. పైగా రికార్డుకు ఎక్కాలంటే కొసదారం 20 పౌన్లకు మించిన బలంది కాకూడదట! అంటే లాగి పట్టటం కుదరదు. తెగకుండా వదలటమే విద్య. ఆ పని చేసేది రీలు. గాలిపటాల చరకా ఎరిగిన పిల్లలకు ఇది వేరే చెప్పాలా?

మా మేనల్లుడు కొన్న రీలు వాడి వయసుకంటె పెద్దది. హంగేరీలో పుట్టి అమెరికా చేరిన టెడ్ యురాసిక్ అనే లేతుపనివాడు, బిల్లీ పేట్ అనే పేరుమోసిన వేటగాడి పేరు పెట్టి 1976లో తెచ్చిన రకం. అల్యూమినియం దిమ్మెను తొలిచి చేసినది. లోపల బ్రేకుకు కార్కు బిళ్ళ. బంగారు రంగు అక్కడక్కడ వెలిసింది.

"రంగుదేముంది మామయ్యా, లోపల చూడాలి," అన్నాడు.

బసలో బల్లమీద గుడ్డ పరిచి విప్పాడు. ఉప్పు తిన్న అల్యూమినియం ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు. సున్నంలాంటి తెల్లని పొడి కడుతుంది. ఉక్కు మరలు తగిలే చోట, కర్రకు బిగించే పాదం కింద ముందు చూడాలి. అక్కడ శుభ్రంగానే వున్నది. చక్రం ఇరుసుమీద అటూ ఇటూ వూగలేదు. తరువాత దారం కొసను స్ప్రింగు కాటాకు, అదే పాతపేపర్లు కొనేవాడి దగ్గర వుంటుందే, దానికి కట్టి లాగమన్నాడు. ముల్లు తొమ్మిది పౌన్ల దాకా ఎగబాకి, చక్రం చటుక్కున జారగానే నాలుగుకు పడింది. నాకు బాగానే వున్నట్టు తోచింది. వాడి ముఖం మాత్రం ముడుచుకుంది. కదలటానికి ఎంత బలం కావాలో, కదిలిన తరువాతా ఇంచుమించు అంతే పట్టాలట. ఆ మొదటి కుదుపే కొసదారాన్ని తెంపుతుంది.

కారణం కార్కులోనే కనిపించింది. పూర్వపు యజమాని బ్రేకు బిగించి యేళ్ళతరబడి వదిలేసినట్టున్నాడు. బిళ్ళ నొక్కుకుపోయి అద్దంలా మెరుస్తున్నది. దాన్ని శుభ్రంగా తుడిచి, తోలు మెత్తబరిచే నీట్స్‌ఫుట్ నూనె పలచగా రాసి, వదులుగా రాత్రంతా వుంచాడు. చివికిన లోపలి దారం తీసేసి కొత్తది చుట్టాడు. తెల్లవారి కాటా ముల్లు నాలుగు దగ్గర నిలకడగా నిలిచింది.

పడవవాడు మాత్రం నమ్మలేదు. "నా కొత్త రీలు తీసుకో. పోరు పొడుగైతే చేప సొమ్మసిల్లుతుంది, సొరచేప నోట పడుతుంది," అన్నాడు. ఆ మాట నన్ను కలవరపెట్టింది. వదిలేయబోయే చేప మన పంతం కోసం చావటం ఏమి న్యాయం? మేనల్లుడు కాటా చూపించాడు. పడవవాడు భుజాలెగరేసి, మన గోదావరి పడవవాళ్ళలాగే గడ వేసి పడవను లోతులేని నీళ్ళలోకి నెట్టాడు.

రెండు గంటలకు ఒకటి తగిలింది. ఎర పట్టగానే మనిషెత్తు ఎగిరింది. ఎగిరినప్పుడల్లా కర్ర వంచి దారం సడలించాలి. చేపకు నమస్కారం చేయటమంటారు దాన్ని. తరువాత ఒకటే పరుగు! రీలు గొణిగినట్టు తిరిగింది గాని ఎక్కడా కుదపలేదు. పిడి కూడా వెనక్కు తిరగదు కనుక వేళ్ళ కణుపులు క్షేమం. చుట్ట సగానికి సన్నబడేసరికి వాడు బ్రేకు బిగిస్తాడనుకున్నాను, వదులు చేశాడు! చుట్ట అడ్డుకొలత సగమైతే అదే బ్రేకుకు లాగవలసిన బలం రెండింతలవుతుందని తరువాత చెప్పాడు.

తిరిగి చుట్టటం మాత్రం నత్తనడక. పాత రీలుకు ఇరుసు సన్నం. పిడి ఎన్ని తిప్పులు తిప్పినా దారం మూరెడే వస్తుంది. ఈనాటి వెడల్పు ఇరుసువాటి ముందు ఇది తీసికట్టే. అయినా అరగంటలోపల చేప పడవ పక్కకు చేరింది. ఎనభై పౌన్లుంటుందని పడవవాడి అంచనా. 40 అంగుళాలు మించిన టార్పన్‌ను నీళ్ళలోంచి ఎత్తకూడదని అక్కడి చట్టం. నీళ్ళలోనే గాలం తీసి, దవడ పట్టుకుని కాసేపు నడిపించి వదిలాడు. తోక ఒక్కసారి విదిలించి నీలంలోకి పోయింది. చుట్టుపక్కల సొరచేప జాడ లేదు.

రేవుకు రాగానే మేనల్లుడు కొళాయి సన్నగా తిప్పి రీలు కడిగాడు. ధార జోరుగా వుంటే ఉప్పు లోపలికి పోతుందట. ఆరబెట్టి, బ్రేకు పూర్తిగా వదులు చేశాడు. పడవవాడు అంతసేపూ చూస్తూనే వున్నాడు.

"మా నాన్నది ఇలాంటిదే ఒకటి పెట్టెలో పడివుంది, బిగుసుకుపోయింది," అన్నాడు చివరకు. "ఆ నూనె పేరేమిటన్నావూ?"