కొండెక్కిన ఓమ్నీ

శుక్రవారం తెల్లారేసరికి అరకు సంతకు దారులన్నీ కదులుతాయి. తలమీద అల్లం బుట్టలు, భుజాన పసుపు మూటలు, చంకలో పిల్లలు... నడిచొచ్చేవాళ్లు నడిచొస్తారు. మిగతావాళ్లకు బండే గతి. ఆ బండి కమాండర్ జీపు కావచ్చు, ట్రాక్సో, టాటా మ్యాజిక్కో కావచ్చు. కొన్ని ఊళ్ల దారిలో మాత్రం ఇంకా మారుతీ ఓమ్నీయే. మైదానంలో స్కూలు పిల్లల్ని మోసి, పెళ్లిళ్లకు వంట సామాను మోసి, ఇక చాలనిపించుకున్న వ్యాను ఇక్కడికొచ్చి రెండో జన్మ ఎత్తుతుంది. ఆ జన్మ ఎంత కాలమన్నది మాత్రం ఘాట్‌రోడ్డు చెప్పాలి!

1984లో మారుతీ వ్యానుగా పుట్టి, తర్వాత ఓమ్నీ అయిన ఈ బండి 35 ఏళ్లు బతికింది. కొత్త భద్రతా నిబంధనలకు దాని శరీరం తట్టుకోలేదు. 2019లో తయారీ ఆగిపోయింది. అంటే ఇవాళ అమ్మకానికొచ్చే ప్రతి ఓమ్నీ పాతదే. అయినా దానికి గిరాకీ ఉంది. కారణం సులువు. ఇంజిన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. మారుతీ 800 విప్పిన ప్రతి మెకానిక్కుకీ అది చేతివాటమే. పక్కకు జరిగే తలుపు తీస్తే మనుషులూ పడతారు, రాజ్మా బస్తాలూ పడతాయి. కొనేటప్పుడు చవక. అసలు ఖర్చంతా ఆ తర్వాతే!

విశాఖపట్నం నుంచి అరకు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక కొండ మొదలవుతుంది. టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ... మలుపు మీద మలుపు. సముద్రమట్టం దగ్గర బయల్దేరిన బండి గంటల్లో 900 మీటర్ల పైకి చేరాలి. అంత ఎత్తులో గాలి పల్చబడుతుంది, ఇంజిన్ బలం సుమారు పదోవంతు తగ్గుతుంది. కొత్త బండికి అది లెక్కలోకి రాదు. పిస్టన్ రింగులు అరిగిన పాత బండికి, అందులోనూ ఎనిమిది సీట్లలో పన్నెండు మంది కూర్చుని, కేరియర్ మీద కాఫీ గింజల బస్తాలు ఎక్కినప్పుడు, అదే పెద్ద లోటు. డ్రైవరు సగం క్లచ్ నొక్కిపెట్టి మలుపు గెంటిస్తాడు. సంత ముగిసేలోపే కాలిన క్లచ్‌ప్లేటు వాసన ముక్కుకు తగులుతుంది.

దానికంటే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటుంది. తుప్పు. ఇక్కడికొచ్చే సెకండ్‌హ్యాండ్ బళ్లు ఎక్కువగా దిగే చోటు విశాఖ. అంటే ఉప్పుగాలి తాగి పెరిగిన బళ్లు. పైన పెయింట్ మిలమిల్లాడుతుంది, లోపల మ్యాటు ఎత్తితే రేకు పొడిపొడి! కొండమీద మంచు, పొగమంచు, నెలల తరబడి ముసురు ఆ పని పూర్తిచేస్తాయి. ఓమ్నీకి విడిగా చట్రం లేదు, ఒళ్లే చట్రం. నేల తుప్పుపడితే వెల్డింగుతో అతుకులు వేయొచ్చు గానీ, వెనక కమాను పట్టీలు బిగించిన చోట రేకు చీలితే ఎంత అతికినా నమ్మకం లేదు. కొనేవాళ్లు చక్రాల గూళ్లలో చెయ్యి పెట్టి చూడాలి. తలుపు జారే పట్టాలూ చూడాలి. చాలామంది స్టీరియో మోగుతుందా లేదా చూస్తారు!

ఇక వేడి. ఓమ్నీ ఇంజిన్ ముందు సీటు కింద దాక్కుంటుంది. సీటు ఎత్తితేగానీ ఆయిలూ కనపడదు, నీళ్లు కారుతున్న సంగతీ తెలియదు. రేడియేటర్ ఖాళీ అయితే పక్కన వాగు ఉండనే ఉంది. ఓ బాటిల్ నీళ్లు పట్టి పోసేస్తారు. ఆపదలో తప్పదు గానీ, ఏడాది పొడవునా అదే నీళ్లయితే లోపల మడ్డి పేరుకుంటుంది, తుప్పు పడుతుంది, దారులు పూడుకుపోతాయి. ఆ తర్వాత ఓ ఎండాకాలం మధ్యాహ్నం హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారిందంటే లోపల నీళ్లు చేరినట్లే. డబ్బా కూలెంటుకు అయ్యే ఖర్చెక్కడ, హెడ్ విప్పి చదును చేయించే ఖర్చెక్కడ?

ఎక్కలేక ఆగిపోయిన బండి మనుషుల్ని చంపదు. దిగేటప్పుడు ఆగని బండే చంపుతుంది. 2021 ఫిబ్రవరి 12న డముకు దగ్గర హైదరాబాద్ పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. ఆ మలుపులు వ్యానుకూ అవే. పెట్రోలు ఆదా చేద్దామని కొందరు న్యూట్రల్‌లో వదిలేస్తారు. మరికొందరు ఏకంగా తాళమే తిప్పేస్తారు! బూస్టర్ ఉన్న బండిలో ఇంజిన్ ఆగితే రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఇంజిన్ ఆపకపోయినా, గేరు లేకుండా దిగుతూ ఆపకుండా బ్రేక్ తొక్కితే డ్రమ్ములు కాగి లైనర్లు పట్టు వదులుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకునే రకం. ఏళ్ల తరబడి మార్చకపోతే ఆ వేడికి మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు పెడల్ నేలకు తాకుతుంది, బండి మాత్రం ఆగదు. ఎక్కిన గేర్లోనే దిగాలన్నది ఘాట్ డ్రైవర్ల పాత నియమం. తమాషా ఏమిటంటే, ఎంపీఎఫ్ఐ ఓమ్నీలో గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌కు పెట్రోలు అందడం దానంతటదే ఆగిపోతుంది. న్యూట్రల్ వేసినవాళ్లకు మిగిలేది ఏమీ లేదన్నమాట!

చక్రాల సిలిండర్ల రబ్బరు కిట్లు, లైనర్లు, బ్రేక్ ఆయిల్... ఇవన్నీ కలిపినా ఓ టైరు ధరకు అటూ ఇటూ. అయినా వాయిదా పడేవి ఇవే. టైరు అరిగితే కంటికి కనిపిస్తుంది, రబ్బరు వాషరు కనిపించదు మరి.

కాగితాల ఖర్చు వేరే. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆపైన అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. దీనికి 600 ఉన్న రుసుము 2022 ఏప్రిల్లో 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో దాన్ని 10,000 చేశారు. హరిత పన్ను దీనికి అదనం. వెయ్యి సీసీ లోపు సొంత కారుకు థర్డ్‌పార్టీ బీమా 2022లో ఖరారైన లెక్క ప్రకారం 2,094 రూపాయలు, పన్ను కాక. పసుపు ప్లేటు బండయితే ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్‌కు నిలబెట్టాలి. అందుకే చాలామంది తెల్ల ప్లేటుతోనే కిరాయి తిప్పుతారు. పట్టుబడితే జరిమానా, అది చిన్న సంగతే. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగే ప్రశ్న ప్రయాణికులు డబ్బిచ్చి ఎక్కారా అనే! ఆ ఒక్క జవాబుతో బండి సొమ్ము పోవచ్చు, గాయపడిన కూలీ పరిహారం కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సి రావచ్చు.

మరి అన్నీ తెలిసీ ఎందుకెక్కుతారు? అసలు ప్రశ్న ఇదే. రైలుంది. 1960ల్లో ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస-కిరండూల్ లైను మీద 2017 నుంచి అద్దాల విస్టాడోమ్ బోగీలో పర్యాటకులు సొరంగాలు చూస్తూ వస్తున్నారు. రోడ్డూ పెరుగుతోంది, పాడేరు, అరకు మీదుగా 516ఇ జాతీయ రహదారి వచ్చింది. అయితే కొండమీది గూడేనికి రైలు రాదు, బస్సూ రాదు. అక్కడి గర్భిణికి నొప్పులొస్తే డోలీ కట్టి కిలోమీటర్ల కొద్దీ మోసుకొస్తారు. రోడ్డు మొదలయ్యే చోట 108 ఉంటే అదృష్టం. సిగ్నల్ అందక కబురే వెళ్లకపోతే, అక్కడున్న పాత వ్యానే అంబులెన్సు. ఆ రాత్రి దాని బ్రేకులు ఎలా ఉన్నాయని అడిగే తీరిక ఎవరికుంటుంది?

అందుకే కాబోలు, ఇక్కడి డ్రైవర్లకు ఓ అలవాటుంది. సాయంత్రం ఇంటికి చేరాక బండిని పల్లం వైపు ముఖం పెట్టి నిలుపుతారు. చక్రాల కింద రెండు రాళ్లు. చలికి బ్యాటరీ మొరాయించినా, ఆ రాళ్లు తీసి నలుగురు తోస్తే సెకండ్ గేర్లో స్టార్టవుతుంది.