వేలు ఒకచోట, నోరు ఒకచోట



బిడ్డను బడిలో వేయడంతో మన పని ముగిసిందని మనలో చాలామంది అనుకుంటారు. పుస్తకాలు ఇచ్చారు, మధ్యాహ్నం అన్నం పెడుతున్నారు, ఇక చదువు పంతులుగారి బాధ్యత అంటారు. ఆయన బాధ్యత కాదని మేము అనము. అయితే మూడో తరగతి దాటేలోగా వాక్యం చూచి చదవడం రాని బిడ్డకు ఆ పైన లెక్కలు, సైన్సు, సాంఘికం అన్నీ మూసిన తలుపులే. తాళపుచెవి సగం బడిలో ఉంటే సగం మన ఇంట్లో ఉంది.

ఇది మన ఊరి సంగతి మాత్రమే కాదు. ప్రథమ్ అనే సంస్థ 2005 నుండి దేశంలోని పల్లెల్లో ఇంటింటికి వెళ్లి, పిల్లల చేత చదివించి చూచి, అసర్ అనే నివేదికను ప్రచురిస్తోంది. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2022లో నూటికి సుమారు 20 మంది, 2024లో సుమారు 27 మంది. కరోనా నాటి దెబ్బ నుండి కొంత కోలుకున్నారన్నమాట నిజమే. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా వెనుకనే ఉన్నారు.

నందిగామ, జగ్గయ్యపేట పల్లెలు 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లినా మనకు ఇంకా కృష్ణా జిల్లా మెట్టే. ఇక్కడ పత్తి తీతలు, మిరప కోతలు జరిగే రోజుల్లో పగలు ఇంటి దగ్గర ఎవరూ ఉండరు. అందుచేత మా గృహ దర్శనాలు చీకటి పడిన తరువాతే. అలా ఒక ఇంట మూడో తరగతి చదివే బాలుడు పాఠం గడగడ చదివి వినిపించాడు. తల్లి మురిసిపోయింది. మాకు మాత్రం వాని వేలు ఒక మాట మీద, నోరు మరొక మాట మీద ఉన్నట్లు కనబడింది. పుటలోని బొమ్మను అరచేతితో మూసి, చివరి వరుసలో ఒక మాట చూపి అడిగాము. బాలుడు తల వంచుకున్నాడు.

తండ్రి ముఖం మారిపోయింది. "మూడేళ్లు బడికి పోయి నేర్చింది ఇదా? రేపటి నుండి మిరప కోతకు రా, కూలి డబ్బులన్నా వస్తాయి" అన్నాడు. మూలన కూర్చున్న నాయనమ్మ ఊరుకోలేదు. "వాడు మొద్దు కాదురా. ఒక్కసారి వింటే పాట మొత్తం వచ్చేస్తది" అన్నది.

ఆ తల్లి మాటలోనే జబ్బు, మందు రెండూ ఉన్నాయి. మన పెద్దలకు అక్షరం రాకపోయినా ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు చరణాలతో సహా కంఠతా వచ్చు. ఆ జ్ఞాపకశక్తి మనుమడికి వచ్చింది. బడిలో అందరితో కలిసి వల్లించి పాఠం నోటికి పట్టేశాడు. నోటికి వచ్చింది గనుక చదువు రాలేదని ఎవరికీ తెలియలేదు.

"కోత ప్రతి యేడూ వస్తుంది, మూడో తరగతి మళ్లీ రాదు" అని తండ్రితో చెప్పాము. "మాకే అక్షరం రాదు, మేమెట్లా చెప్పేది అయ్యగారూ?" అన్నాడు. అనేక గృహాలలో ఉన్న ప్రశ్న ఇదే. వినడానికి, చూడటానికి అక్షరాలు రానక్కరలేదు.

రోజూ అన్నానికి ముందు పది నిమిషాలు బిడ్డ పక్కన కూర్చోండి. టీవీ, సెల్‌ఫోను కట్టేయండి. మాట మాట కింద వేలు పెట్టి మెల్లగా చదవమనండి. తరువాత చివరి మాట ముందు, నడిమి మాట తరువాత అడగండి. చదువు వచ్చిన బిడ్డకు వరుస తప్పినా ఇబ్బంది ఉండదు. కంఠస్థం చేసిన బిడ్డ అక్కడ ఆగిపోతాడు.

ఆగినచోట అక్కనో అన్ననో కూర్చోబెట్టండి. కల, తల, పలక వంటి మాటలతో మొదలుపెట్టి గుణింతాలకు రావాలి. ఒత్తులు అమ్మ, అక్క, అత్త అనే ఇంటి మాటలతో ఆరంభిస్తే, పుస్తకం, చంద్రుడు తరువాత సులువవుతాయి. బాగా వచ్చిన కీర్తన తీసి, ఫలానా మాట ఎక్కడుందో వెదకమనండి. ఆర్టీసీ బస్సు బోర్డు, విత్తనాల సంచి, గోడ మీద రాత, ఏది కనబడితే అది చదివించండి.

2020 నుండి ప్రభుత్వ బడుల పుస్తకాలను ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా అచ్చువేశారు. తెలుగు పుట చదవగలిగిన బిడ్డకు ఎదుటి పుట భావం చిక్కుతుంది. అప్పు చేసి కాన్వెంటుకు పంపే ముందు ఈ సంగతి ఆలోచించండి.

నలుగురిలో మొద్దు అనవద్దు. పుస్తకం ముక్కుకు ఆనించి చదువుతుంటే కళ్లు చూపించండి. నెలకొకసారి పంతులుగారి దగ్గరకు వెళ్లి, "మావాడు ఎక్కడ ఆగుతున్నాడండీ?" అని అడగండి.

తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. అతని విశ్వాసం గురించి వ్రాసినప్పుడు పౌలు పేర్కొన్నది అవ్వ లోయిని, తల్లి యునీకేను. బాల్యం నుండే అతనికి లేఖనాలు తెలుసు. ఇంట్లో ఆడవారు బిడ్డ పక్కన కూర్చోవడం చిన్న పని కాదు.

ఆ బాలుని తండ్రి రాత్రులు కూర్చున్నాడు. నాయనమ్మ వేలు చూచేది. వేసవి సెలవులకు ముందు వాడు తెలియని కథ ఒకటి, తడుముకుంటూనే, చివరిదాకా చదివాడు. కోతకు వెళ్లలేదు.

కోతల కాలంలో తల్లిదండ్రులు ఆలస్యంగా వచ్చే ఇళ్లు మన సంఘాలలో ఎన్నో ఉన్నాయి. పదో తరగతి చదివిన యౌవనస్థులు ప్రతి సంఘంలో ఇద్దరైనా ఉంటారు. పెద్దలు ఒప్పుకుంటే సాయంకాలం ఒక గంట మందిరం తలుపు తీయవచ్చు. లైటు ఉంది, చాప ఉంది. వచ్చి కూర్చునేవారు కావాలి.