అమ్మమ్మ మణికట్టు

ఎముక విరిగితే మా ఇంట్లో రెండు భాషల్లో గొడవ. అమ్మ తెలుగులో "పుత్తూరు కట్టు కట్టిద్దాం" అంటుంది. నాన్న తమిళంలో "ఆపరేషనే మేలు" అంటారు. పది రోజుల క్రితం అమ్మమ్మ బాత్‌రూమ్‌లో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో డాక్టరుగారు ఎముక సర్ది చూస్తామన్నారు. సర్దాక పిండికట్టు వెయ్యాలా, లోపల తీగలు గుచ్చాలా అని మమ్మల్నే అడిగారు. (తమిళంలోనూ అది మావు కట్టే, పిండి మాత్రం మారలేదు!)

ఇదే ప్రశ్నకి బ్రిటన్‌లో 36 ఆస్పత్రుల్లో 500 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. ఎవరికి కట్టు, ఎవరికి తీగలు అన్నది డాక్టర్ల ఇష్టం కాదు, చీటీలు వేసినట్టే. ఏడాది తర్వాత నొప్పిలో, చేతి పనిలో పెద్ద తేడా లేదు. కానీ కట్టు వేసినవాళ్ళలో 33 మందికి ఎముక మళ్ళీ జారి, ఆరు వారాల్లోపే ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. తీగలవాళ్ళలో ఒక్కరికే.

పుత్తూరు కట్టు ఆ పరీక్షలో లేదు. కాబట్టి అమ్మ వాదన దీంతో గెలవనూ లేదు, ఓడనూ లేదు. నాన్న మాత్రం 33 అనగానే "చూశావా!" అన్నారు. నాకూ భయమే వేసింది.

అమ్మమ్మకి చెప్తే, "అయితే మిగతావాళ్ళకి గుచ్చకుండానే సరిపోయింది కదే" అంది. చెయ్యి తనది, పిండికట్టే వేయించుకుంది.

జారిందో లేదో చూడ్డానికి రెండో ఎక్స్‌రే గురువారం. మేడమ్‌కి లీవ్ లెటర్ ఇచ్చేశాను.