మామ మండీలో ప్రింటరు

సీఎస్ఈ అని చెప్పుకున్నామో, చుట్టాల్లో ఎవరి ప్రింటర్ మొరాయించినా ఫోన్ మనకే వస్తుంది. మన సిలబస్‌లో ప్రింటర్ రిపేరు లేదంటే ఎవరూ నమ్మరు.

పోయిన జూన్‌లో మా మేనమామ ఫోన్ చేశాడు. పాకాల దగ్గర దామలచెరువులో ఆయనకు మామిడికాయల మండీ ఉంది. "అల్లుడా, కంప్యూటర్ కాలిపోతే తిరపతిలో సెకండ్‌హ్యాండుది తెచ్చినా. దీనికి ప్రింటర్ వైరు పెట్టేదానికి బొక్కే లేదురా!" తోతాపురి కోతలు జోరుగా ఉన్న రోజులు. వెంటనే బస్సెక్కాను.

పోయి చూస్తే డాట్ మ్యాట్రిక్స్. వైరు చివర 25 పిన్నుల ప్యారలల్ కనెక్టర్. "ఈ పాత డబ్బా ఎందుకు మామా, లేజర్ కొనేయ్" అన్నాను పెద్ద తెలిసినట్టు. ఆయన ఏమీ అనకుండా బిల్లు కాగితం చేతికిచ్చాడు. మూడు పొరలు, మధ్యలో కార్బన్. ఒకటి రైతుకు, ఒకటి గుజ్జు ఫ్యాక్టరీకి పోయే లోడుతో, ఒకటి మండీకి. లేజర్ పొడిని కరిగించి పై కాగితానికి అంటిస్తుంది, కింది కాగితానికి ఆ సంగతే తెలీదు. డాట్ మ్యాట్రిక్స్‌లో సన్నటి పిన్నులు రిబ్బన్ మీద కొడతాయి, ఆ దెబ్బ మూడో పొర దాకా దిగుతుంది. నోరు మూసుకున్నా. (అన్నట్టు, కాగితం అంచుల చిల్లుల్ని పట్టి లాగే పళ్ల చక్రాల పేరు ట్రాక్టర్ ఫీడ్. బయట కాయల ట్రాక్టర్లు, లోపల ఇదొకటి.)

తిరుపతికి తిరిగొచ్చి యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మార్చే కేబుల్ కొనుక్కుపోయా. టెస్ట్ పేజీ గరగరమంటూ వచ్చింది. నేను కాలర్ ఎగరేసే లోపే మామ తన పాత డాస్ ప్రోగ్రాంలో బిల్లు కొట్టాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చోనున్నాడు. మామ చేత్తో రాసిస్తానంటే ఒప్పుకోలేదు. "చేతిరాత వద్దు నాయనా. పోయినేడు ఇంకో చోట ఏడును ఒకటని చదివినారు. ఆ లెక్క తేలేదానికి నాలుగు దినాలు తిరిగినా." అని నా వైపు చూశాడు. "నిదానంగా చెయ్యి అబ్బోడా, ఆఖరు బస్సుకు పోతా." చెమటలు పట్టినాయి.

గంట తర్వాత దొరికింది. డాస్ ప్రోగ్రాంకు తెలిసింది ఎల్‌పీటీ1 అనే పోర్టు ఒక్కటే. కొత్త కేబుల్ ఏమో ప్రింటర్‌ను యూఎస్‌బీ001 అనే పోర్టులో కూర్చోబెట్టింది. ఇది అక్కడ పిలుస్తోంది, అది ఇక్కడుంది. ప్రింటర్‌ను షేర్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో 'నెట్ యూజ్' అని ఒక లైను రాస్తే, ఎల్‌పీటీ1కి పంపిన ప్రతిదీ ఆ షేర్‌కు పోతుంది. ఎంటర్ కొట్టాను. కర్రు... కర్రు... పెద్దాయన కాగితాన్ని వెలుతురుకు పట్టి, అంకెల మీద వేలు పెట్టి ఒక్కోటీ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాతో ఏమీ అనలేదు. బస్సు అందుకున్నాడు, అది చాలు.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "కంప్యూటర్ ఆపి ఆన్ చేస్తే మళ్లీ రాలేదురా." లైను చివర పర్సిస్టెంట్ అన్న మాట చేర్చడం మరిచిపోయా. ఫోన్‌లోనే ఒక్కో అక్షరం చెప్తుంటే మామ క్యాలెండర్ పక్కన గోడ మీద మార్కర్‌తో రాసుకుంటున్నాడు.

"రెండు గీతలన్నావే, అవి ఏ పక్కకు వాలినాయి?"

"ఎడమకు మామా."

"నా ఎడమకా, గోడ ఎడమకా?"