జువ్వలదిన్నెలో వేట ఆగితే.. బోల్టుల లెక్క మొదలు

జువ్వలదిన్నెకి ఎప్పుడు వెళ్తే బాగుంటుందని ఎవరినైనా అడగండి, చలికాలం అంటారు. నన్నడిగితే మే నెల అంటాను. ఎండ మాడ్చేస్తుంది, నిజమే. కానీ సముద్రంలో ఉండాల్సిన బోట్లు అప్పుడు ఒడ్డునే ఉంటాయి. వాటి ఇంజిన్లు విప్పి ఉంటాయి. ఆ ఊరు ఎట్టా బతుకుతుందో తెలియాలంటే అప్పుడే చూడాలి.

నెల్లూరుకీ కావలికీ మధ్య బిట్రగుంటలో రైలు దిగాలి. ఒకప్పుడు ఆవిరి ఇంజిన్ల షెడ్డుతో పేరుమోసిన స్టేషన్ అది. ఇప్పుడు చాలా రైళ్లు ఆగకుండానే దాటిపోతాయి. అక్కడి నుంచి తూర్పుగా వెళ్తుంటే రొయ్యల గుంటలు, వాటిలో తిరిగే ఏరేటర్లు, బకింగ్‌హామ్ కాలువ, ఆ తర్వాత సముద్రం. చెంపకి తగిలే గాలిలోనే ఉప్పు తెలుస్తుంది. ఈ కథలో విలన్ ఆ ఉప్పే.

ఇక్కడి ఫిషింగ్ హార్బర్‌కి 2020 నవంబరులో శంకుస్థాపన జరిగింది. రూ.280 కోట్లకు పైగా ఖర్చు పెట్టి కట్టారు. గోడలు, జెట్టీ చూడ్డానికి బాగున్నాయి. నాకు మాత్రం జెట్టీ కన్నా దాని పక్కన టార్పాలిన్ నీడలో జరిగే పనే ఎక్కువ నచ్చింది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మోటారు బోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఆ రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో పది వేల నుంచి ఇరవై వేలకి పెంచారు. అది ఇంటి ఖర్చులకే చాలదు, ఇంజిన్ రిపేరుకి ఎక్కడ మిగులుతుంది? అందుకే ఈ రెండు నెలల్లోనే ఇంజిన్ విప్పాలి, తక్కువలో బాగు చేయాలి, జూన్ 15 నాటికి బిగించేయాలి. ఆ రోజు పక్క బోట్లు పోతుంటే మన బోటు ఒడ్డున ఉంటే, పోయేది ఒక్క రోజు వేట కాదు. బోటులో పనికొచ్చే మనుషులు ఇంకో బోటు ఎక్కేస్తారు.

నేను చూసిన ఇంజిన్ కాస్త పెద్ద బోటుది. పుట్టుక లారీ ఇంజినే, సముద్రానికి తగ్గట్టు మార్చారు. మేస్త్రీకి యాభై దాటుంటాయి. పక్కన ఇరవై ఏళ్ల కుర్రాడు. పిస్టన్లు, రింగులు కొత్తవి వచ్చేశాయి, అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. వాటి గురించి ఎవరికీ దిగుల్లేదు. దిగులంతా చేపల థర్మాకోల్ పెట్టె మూత మీద ఉంది. ఆ మూత మీద మార్కర్‌తో ఆల్టర్నేటర్ బ్రాకెట్ బొమ్మ గీసి, ఏ రంధ్రం నుంచి వచ్చిన బోల్టుని ఆ చోటే గుచ్చారు. పక్క మూత మీద వాటర్ పంపు. ఇంకో దాని మీద ఇంజిన్ కాళ్లు.

"పిస్టన్ ఫోన్ చేస్తే వస్తాది సార్. ఈ బ్రాకెట్ ఎవుడు పంపిస్తాడు?" అన్నాడు మేస్త్రీ.

ఆయన మాటలో అతిశయోక్తి లేదు. లారీ ఇంజిన్ని బోటుకి మార్చేటప్పుడు పంపుకీ, ఆల్టర్నేటర్‌కీ బ్రాకెట్లు లేత్ షాపులో కోసి, వెల్డింగ్ చేసినవి. వాటికి పార్ట్ నంబరుండదు, కేటలాగుండదు. ఒకే బ్రాకెట్‌కి నాలుగు బోల్టులుంటే నాలుగూ నాలుగు పొడవులు.

పొడవు తేడా వస్తే ఏమవుతుందని మీకు అనుమానం రావచ్చు. అడుగు మూసి ఉన్న రంధ్రంలో పొడుగు బోల్టు వేస్తే, అది అడుగున తగిలి ఆగిపోతుంది. పానాకి టైట్‌గానే తెలుస్తుంది, బ్రాకెట్ మాత్రం లూజుగానే ఉంటుంది. ఇంకా బలవంతం చేస్తే పోత ఇనుము పగులుతుంది. పొట్టిది వేస్తే రెండు మూడు మరలే పడతాయి. ఇనుములో కనీసం బోల్టు లావంత లోతుకి మర పట్టాలి, అల్యూమినియంలో అయితే ఒకటిన్నర రెట్లు. లేకపోతే ఇంజిన్ అదురుకి మరలతో సహా ఊడొస్తుంది. బ్రాకెట్ కదిలితే బెల్టు జారుతుంది. అదే బెల్టు మీద వాటర్ పంపు తిరుగుతుంటే ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది. హైవే మీద అయితే బండి పక్కన పెట్టుకోవచ్చు. ఒడ్డు కనపడని చోట పక్క అంటూ ఏముంది?

"అన్నీ స్టీలు బోల్టులు వేసేస్తే తుప్పు గోలే ఉండదు కదా మేస్త్రీ" అన్నాడు కుర్రాడు. నాకూ అదే డౌటు. మేస్త్రీ రెండు బోల్టులు చేతిలో పెట్టాడు. ఒకదాని తల మీద 8.8, ఇంకోదాని మీద ఏ2-70. అవి గ్రేడులు. తుప్పు పట్టని ఏ2-70 బోల్టు, 8.8 కన్నా ముందే సాగిపోతుంది. పైగా ఉప్పునీటి తడిలో స్టెయిన్‌లెస్ బోల్టూ, అల్యూమినియం బ్రాకెట్టూ కలిసి ఉంటే బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తాయి. బోల్టు మెరుస్తూనే ఉంటుంది, దాని చుట్టూ బ్రాకెట్ పిండైపోతుంది. నీళ్ల పైపు క్లాంపులకి స్టీలు సరే, బరువు మోసే చోట వద్దన్నాడు.

పాత అంబాసిడర్లు బాగు చేసుకునే మిత్రులు నాకు కొందరున్నారు. వాళ్ల గోలా ఇదే. పాత అంబాసిడర్ ఇంజిన్‌కి అంగుళాల మరలు, తర్వాత వచ్చిన ఇసుజు ఇంజిన్‌కి మిల్లీమీటర్ల మరలు. 5/16 అంగుళం బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు, 8 ఎంఎం బోల్టు పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. మర గతి మాత్రం వేరు. ఒకదాన్ని ఇంకోదాని రంధ్రంలో తిప్పితే రెండు చుట్లు తిరిగి, ఆ తర్వాత మరని కోసేస్తుంది. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకి ఒక ప్రమాణం ప్రతిపాదించక ముందు అయితే ఏ వర్క్‌షాపు మర దానిదే. ఉప్పుగాలిలో ఏళ్లు గడిపిన ఇంజిన్లలో ఆ పాత రోజులు తిరిగొచ్చినట్టే ఉంటుంది. అరిగిన బోల్టు తన రంధ్రంలో తప్ప ఇంకెక్కడా సరిగ్గా కూర్చోదు.

మీ దగ్గర బైకో, తాతగారి స్కూటరో విప్పాల్సినది ఉంటే కుర్రాడి పద్ధతి పనికొస్తుంది. పానా పట్టకముందే ఫోన్‌తో వీడియో తీస్తాడు. ఏ బోల్టు కింద ఏ వాషరుందో నోటితో చెబుతూ తీస్తాడు. మేస్త్రీ మొదట్లో నవ్వాడట, ఇప్పుడు "తీశావా?" అని ఆయనే అడుగుతున్నాడు.

సాయంత్రానికి బిగింపు అయిపోయింది. బెల్టు పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయో లేదో వల నేసే నైలాన్ దారం లాగి పట్టి చూశారు. సరిపోయింది. బోటు ఓనరు స్టార్ట్ చేద్దామని తొందరపెడుతున్నాడు. అప్పుడు కనపడింది, పంపు మూత మీద ఒక బోల్టు మిగిలి ఉంది.

"ఒకటేగా మామా, పోనీలే" అన్నాడు ఓనరు.

మేస్త్రీ జవాబు చెప్పలేదు. కుర్రాడు ఫోన్ తీసి వీడియో వెనక్కి జరిపాడు. పంపు బ్రాకెట్ కింద వైపు, ఆల్టర్నేటర్ చాటున ఉండే బోల్టు అది. దాన్ని అందుకోవాలంటే ఆల్టర్నేటర్ మళ్లీ దించాలి. మేస్త్రీ 17 నంబరు పానా అందుకున్నాడు. లైటు తెమ్మని ఓనరునే పంపించాడు.