మట్టికీ ఒక చోటు

హైదరాబాదు శివారులో మేము కొన్న ఇంటి పెరడు వంటగది గడపను అంటుకొని ఉండేది. వీధిలో పొరమీద పొర వేస్తూ రోడ్డు ఎత్తు పెంచడంతో పాత ఇళ్లన్నీ పల్లంలో పడ్డాయి. వాననీరు లోపలికి రాకుండా మునుపటి యజమాని రెండడుగుల మెరక తోలించారట. ఆ మట్టిలో ఇటుకముక్కలు, సిమెంటు పెళ్లలు కలిసి ఉన్నాయి.

నేల చెమ్మ పైకి ఎక్కకుండా పునాదిమీద వేసే పొర ఆ మట్టి కింద పూడిపోయింది. అందువల్ల గోడలు అడుగున తడిసి సున్నం పెచ్చులూడేది. వేపచెట్టుకూ అదే బాధ. చెట్టుకు నీరు, గాలి అందించే సన్నని వేళ్లు చాలావరకు నేల పైపొరలోనే ఉంటాయి. వాటిమీద బరువు పడడంతో కొమ్మలు చివరలనుండి ఎండసాగాయి.

వీటన్నిటికన్నా పెద్ద చింత ప్రహరీగోడ. ప్రహరీని హద్దుకోసం కడతారు గాని మట్టిని ఆపడానికి కట్టరు. వానకు తడిసి బరువెక్కిన మట్టి నెట్టగా అది పక్కింటివైపు ఒరిగింది. ఆవల ఒంటరిగా ఉండే ఖాలా ఆ గోడ పక్కనే వంట చేసుకునేవారు. ఆమె మాతో ఏనాడూ ఒక్క మాట అనలేదు. పొయ్యి మాత్రం దూరంగా జరుపుకున్నారు. అది చూశాక మాకు ఆలోచించవలసిన పని లేకపోయింది.

20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు: మొత్తం 600 ఘనపుటడుగులు, అంటే 6 యూనిట్లు. తవ్విన మట్టి గుల్లబారి దాదాపు పావువంతు పెరుగుతుంది. కనుక 8 ట్రాక్టర్లు లెక్క వేసుకున్నాము. సందులోకి జేసీబీ రాదు. వానలకు ముందే, మట్టి పొడిగా ఉన్నప్పుడే పార, తట్టలతో పని మొదలుపెట్టించాము. మేస్త్రీ ఆవలివైపు నుండి గోడకు ఊతకర్రలు పెట్టాడు. గోడ పొడవునా పొరలుపొరలుగా, సమంగా మట్టి దించారు. వేపమొదలు దగ్గర గడ్డపార తగలనీయకుండా చేతులతోనే తీశారు. ఆ రోజులలో ఖాలా మా ఇంట్లో అమ్మీ దగ్గరే ఉన్నారు.

అసలు పరీక్ష మట్టిని ఎక్కడికి పంపాలన్నప్పుడు వచ్చింది. రాత్రివేళ చెరువు అంచున పోసి వస్తానని, బాడుగ సగమే ఇమ్మని ట్రాక్టరు యజమాని అన్నాడు. నీటికి భయపడే కదా ఈ మట్టి మా పెరట్లోకి వచ్చింది! దానితో చెరువును పూడిస్తే, చోటు కోల్పోయిన నీరు మరొకరి గడప తొక్కుతుంది. మా బరువును కనబడని పొరుగువారిమీదికి తోసినట్లే అవుతుంది. మేము ఒప్పుకోలేదు. కూల్చివేత వ్యర్థాలను విడదీసి నిర్ణీత కేంద్రానికి చేర్చే బాధ్యత వాటి యజమానులదేనని 2016 నాటి కేంద్ర నిబంధనలు కూడా చెప్పాయి.

నాలుగు రోజులు పని ఆగింది. ఇంటిల్లిపాదీ కూర్చుని పెళ్లలు వేరుచేశాము. రెండు వీధుల అవతల ఇల్లు కడుతున్నవారు మంచి మట్టిని బేస్‌మెంటు నింపుకోవడానికి తీసుకున్నారు. పెళ్లలను ఫతుల్లాగూడ వ్యర్థాల కేంద్రానికి పంపించాము. బాడుగ ఎక్కువే అయింది.

పెరడు మళ్లీ పల్లమయింది గనుక పునాదికీ ప్రహరీకీ దూరంగా ఇంకుడు గుంత తవ్వించి, నేల వాలు అటువైపు పెట్టించాము. గట్టి వాన కురిస్తే ఇప్పటికీ కాసేపు నీరు నిలుస్తుంది, తర్వాత ఇంకిపోతుంది. ఒరిగిన భాగం విప్పి మేస్త్రీ గోడ తిరిగి కట్టాడు. ఖాలా పొయ్యి పాత చోటికి వచ్చింది.

మీ పెరట్లోనూ మెరక ఉంటే, వానలకు ముందు ఒకసారి ప్రహరీని అవతలివైపు నుండి చూసి రండి. మన మట్టి ఎవరిని నెడుతున్నదో ఇవతలినుండి కనిపించదు.