హాలెండులో ఓ హోరు రాత్రి

హాలెండు పేరు వినగానే మీకేం గుర్తొస్తుంది చెప్పండి? తులిప్ పూలు, గాలిమరలు, సైకిళ్ళు. 1981లో వచ్చిన 'సిల్సిలా' సినిమా చూసినవాళ్ళకైతే అమితాబ్, రేఖ తిరిగిన ఆ రంగురంగుల పూలమళ్ళు కళ్ళముందు కదులుతాయి. నేను వెళ్ళింది డిసెంబరులో. ఆ నెలలో అక్కడ తోటల్లో పువ్వు లేదు, ఎండ లేదు, సాయంత్రం నాలుగున్నరకే చీకటి. అయితేనేం, మనవాళ్ళు ఆల్బమ్ తెరిచి ఎవరికీ చూపించని ఒక చోటు చూసి వచ్చాను. దాని సంగతే ఇది.

దాన్ని 'రేవ్' అంటారు. గోడౌను లాంటి పెద్ద హాల్లో చెవులు చిల్లులు పడే సంగీతం పెట్టుకుని, వేలమంది కలిసి రాత్రి మొదలుపెట్టి తెల్లవార్లూ ఆడతారు. అందులోనూ బాగా వేగంగా, బాగా మోతగా ఉండే రకం పేరు 'హార్డ్‌కోర్'. రేవ్ అంటే మనకు చాకిరేవు, పడవల రేవు తడతాయి. చిత్రమేమిటంటే హాలెండులో ఈ హోరు నిజంగానే ఒక రేవు పట్టణంలో పెరిగింది. అది కాస్త ఆగి చెబుతాను.

అమ్మాయి వెళుతుందంటే...

ఈ వయసులో నీకక్కడేం పని అంటారా? మా చిన్నమ్మాయి ఐండ్‌హోవెన్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. 2022 చివర్లో దాని దగ్గర కొన్నాళ్ళు ఉండి వచ్చాను. వెళ్ళిన వారానికే చెప్పింది, ఆఫీసు స్నేహితులతో కలిసి ఏడాదికి రెండు మూడుసార్లు ఇలాంటి రాత్రులకు వెళుతుంటానని. పెళ్ళి కావలసిన పిల్ల. రాత్రంతా బయట. పైగా గుండ్లు గీయించుకున్న మగాళ్ళు, పుర్రెల బొమ్మలు, మత్తుమందుల మాటలు. మీ అమ్మాయైతే మీరేం చేస్తారు? గట్టిగా వద్దంటే మానేస్తుందేమో. వెళ్ళడం మానకుండా నాకు చెప్పడం మానేస్తే? ఆ రెండోదే నన్ను ఎక్కువ భయపెట్టింది. వద్దనడానికైనా అదేమిటో తెలియాలి కదా! "ఈసారి నేనూ వస్తానే" అన్నాను. అది కాసేపు నా మొహంకేసి చూసి, "సరే గానీ అమ్మా, చీర వద్దు. బూట్లు కొంటాను, రా" అంది.

యూట్రెక్ట్ ఊరు

ఐండ్‌హోవెన్ నుంచి యూట్రెక్ట్‌కి రైల్లో ముప్పావుగంట పైన పడుతుంది. దేశం నడిమధ్యన ఉన్న పాత ఊరు. ఎటు వెళ్ళే రైలైనా ఇక్కడ కలవాల్సిందే, మన విజయవాడ జంక్షన్ అనుకోండి. ఊళ్ళో 112 మీటర్ల డోమ్ గోపురం ఉంది, ఆ దేశపు చర్చి గోపురాలన్నిటిలోకీ ఎత్తయినది. కాలువల ఒడ్డున నీళ్ళకు దగ్గరగా నేలమాళిగలు, వాటిలో హోటళ్ళు. చూడముచ్చటగా ఉంటుంది.

పగలంతా అవి చూసి, సాయంత్రం ఓలీబోలెన్ తిన్నాం. మైదాపిండిని ఈస్టుతో పొంగబెట్టి, కిస్‌మిస్ కలిపి, ఉండలుగా నూనెలో వేయించి పైన పంచదార పొడి చల్లుతారు. చూడ్డానికి మైసూర్ బోండా, తింటే తీపి. ఆ చలిలో వేడివేడిగా ఎన్ని తిన్నా తెలియదు. పిండిలో గుడ్డు కలపడం మామూలే, శాకాహారులు అడిగి తినండి.

స్టేషను పక్కనే 'యార్‌బర్స్' అనే ఎగ్జిబిషన్ ప్రాంగణం. వందేళ్ళ కిందట, 1917లో, ఈ ఊళ్ళో మొదలైన వ్యాపార ప్రదర్శన దీనికి మూలం. మామూలు రోజుల్లో కంపెనీలు సరుకులు పెట్టుకునే హాళ్ళు అవి. ఆ శనివారం రాత్రి మాత్రం 'థండర్‌డోమ్' ముప్పయ్యేళ్ళ పండుగ. 1992 అక్టోబరులో హేరెన్‌ఫేన్ ఊళ్ళోని ఐస్ స్కేటింగ్ స్టేడియంలో ఆ పేరుతో మొదటి రాత్రి జరిగింది. 2012లో ఇదే ఆఖరుదని ముగించేశారట. జనం ఊరుకోలేదు. 2017లో పాతికేళ్ళ పండుగతో మళ్ళీ మొదలైంది.

గుండ్ల మధ్య మనం

బారు కదులుతుంటే చూస్తూ నిలబడ్డాను. మెరిసే ట్రాక్ సూట్లు. మడమలో గాలి బుడగ కనిపించే నైకీ ఎయిర్ మాక్స్ బూట్లు. మగాళ్ళకు నున్నటి గుండ్లు. కొందరు ఆడవాళ్ళు చెవుల పైన గొరిగించి, మిగిలిన జుట్టు నడినెత్తిన బిగించి కట్టారు. తొంభైల్లో అక్కడి కుర్రకారు వేషం ఇదే. చెప్పొద్దూ, ఆ రాత్రి చూసిన గుండ్లలో చాలావరకు గీయించుకున్నవి కావు, వయసుతో వచ్చినవి! నలభై ఐదు, యాభై ఏళ్ళవాళ్ళు కోకొల్లలు.

ఒంటి రంగు చూసుకుని నాకు కాస్త బెరుకు కలిగిన మాట నిజం. అది ఊరికే పుట్టిన భయం కూడా కాదు. తొంభైల్లో జాతి ద్వేషం ఉన్న కొందరు కుర్రాళ్ళు ఇదే గుండు, ఇదే వేషంతో తిరిగారు. దాంతో అందరికీ చెడ్డపేరు వచ్చింది. అప్పుడు ఈ సంగీతం చేసేవాళ్ళే తమ రికార్డుల మీద జాతి ద్వేషానికి వ్యతిరేకంగా అచ్చు వేసుకున్నారు. ఆ రాత్రి నన్ను ఎవరూ వింతగా చూడలేదు. వెనకనున్న ఆరడుగుల గుండాయన నా శాలువా జారితే తీసి భుజాన వేశాడు, అంతే.

పద్దెనిమిది నిండనివాళ్ళను రానివ్వరు. సంచులు వెతుకుతారు. కోట్లు, సంచులు పెట్టుకోడానికి అద్దె లాకర్లు ఉంటాయి.

స్నేహితుడని పేరు

ఇప్పుడు ఆ రేవు పట్టణం సంగతి. రాటర్‌డామ్ యూరప్‌లో కెల్లా పెద్ద ఓడరేవు. 1940 మే 14న జర్మన్ల బాంబులకు ఊరి నడిబొడ్డు నేలమట్టమైతే మళ్ళీ కట్టుకున్నారు. కష్టపడి పనిచేసేవాళ్ళ ఊరని పేరు. ఆమ్‌స్టర్‌డామ్ సోకులంటే వాళ్ళకు పడదు. 1990లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌కు చెందిన మార్క్ అకార్డిపేన్ చేసిన ఒక రికార్డును హార్డ్‌కోర్‌కు మొదటిదిగా చెప్పుకుంటారు. ఆ బాణీని రాటర్‌డామ్ పిల్లలు అందుకుని ఇంకా వేగం, ఇంకా మోత పెంచారు. 1992లో యూరోమాస్టర్స్ అనే బృందం 'ఆమ్‌స్టర్‌డామా, అదెక్కడుంది?' అనే అర్థం వచ్చే పేరుతో ఓ రికార్డే తెచ్చింది. రెండు ఊళ్ళ ఎకసెక్కాలు మనకేం కొత్త కాదుగా!

ఈ సంగీతాన్నీ, ఆ పిల్లల్నీ 'గాబర్' అన్నారు. మొదటి అక్షరం గొంతులో గరగరలాడించి పలుకుతారు. మన గాభరాకీ దీనికీ చుట్టరికం లేదు. యూదుల భాష నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వీధుల్లోకి వచ్చిన మాట అది. అర్థం ఏమిటో తెలుసా? స్నేహితుడు. అంత మోతకు అంత మెత్తటి పేరు!

మోత, తరుగుడు ఆట

లోపలికి అడుగుపెట్టగానే వినిపించడం కాదు, పొట్టలో తగిలింది. రోలాండ్ అనే జపాను కంపెనీ ఎనభైల్లో చేసిన టి.ఆర్.909 అనే డ్రమ్ము యంత్రం ఉంది. దాని దెబ్బను మోతాదుకు మించి పెంచి పెంచి, శబ్దం పగిలి బొంగురుపోయేదాకా తీసుకెళ్తారు. అదే ఈ సంగీతానికి ప్రాణం. నిమిషానికి 160 నుంచి 190 దెబ్బలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. స్థిమితంగా కూర్చున్నప్పుడు మన గుండె కొట్టుకునేది నిమిషానికి డెబ్బై, ఎనభై సార్లు. దానికి రెండింతలన్నమాట. పాటలో మాట వినపడదు, రాగం వెతుక్కోవాలి. పది నిమిషాలు పోయాక నాకు జాతరలో డప్పు దగ్గర నిలబడ్డట్టే అనిపించింది. డప్పు దగ్గర రాగం కోసం ఎవరు చూస్తారు చెప్పండి?

వాళ్ళ ఆటను 'హాకెన్' అంటారు. అంటే నరకడం, కొట్టడం. వంట పుస్తకాల్లో ఉల్లిపాయ సన్నగా తరగమని చెప్పడానికీ అదే మాట వాడతారు. నిజంగానే కాళ్ళు మన కత్తిపీట మీద చెయ్యి ఆడినంత వేగంగా ఆడతాయి. ఒక్కో దెబ్బకు ఒక్కో అడుగు, మడమ ముందుకూ వెనక్కూ, మోకాలు వంచి, మోచేతులు ఆడిస్తూ. ఎవరూ ఎవరినీ పట్టుకోరు. ఎవరి చోటులో వాళ్ళే, కానీ అందరిదీ ఒకే అడుగు. తోపులాటలో ఒకమ్మాయి పడిపోతే క్షణంలో నాలుగు చేతులు లేపాయి.

మా అమ్మాయి స్నేహితురాలి తల్లి కూడా వచ్చింది. నర్సుగా చేస్తోంది, నాకంటె నాలుగైదేళ్ళు చిన్నదేమో. పదిహేడేళ్ళప్పటి నుంచీ వస్తోందట. డిస్కో క్లబ్బుల్లో మగపిల్లలు వెంటపడేవాళ్ళనీ, ఇక్కడ ట్రాక్ సూటు వేసుకుని చెమటలు కక్కుతూ ఆడుతుంటే ఎవరూ పలకరించేవాళ్ళు కాదనీ, ఆ హాయి కోసమే వచ్చేదాన్ననీ చెప్పింది. వారమంతా ఎవరికో ఒకరికి సేవ చేసే మనిషికి ఒక్క రాత్రి తన కాళ్ళు తనవి. ఆ మాట నా మనసుకు తగిలింది. మనలో ఎంతమందికి అలాంటి రాత్రి ఒకటుంది?

మందుల మాట

ఇక మీరంతా అడగాలనుకుంటున్నది. ఉన్నాయండీ, మత్తుమందులు ఉన్నాయి. ఎక్స్‌టసీ అనే మాత్ర తొలినాళ్ళ నుంచీ ఈ రాత్రుల వెంటే ఉంది. హాలెండులోనూ అది చట్టప్రకారం నేరమే. దాంతో ఒళ్ళు తెలియకుండా వేడెక్కిపోతుంది, గంటల తరబడి ఆడితే ప్రాణానికే ముప్పు. భయపడి బిందెడు నీళ్ళు తాగినా రక్తంలో ఉప్పు తగ్గి ప్రమాదమే, అందులో ఆడవాళ్ళకు మరీను.

ఆ దేశం ఒక పని చేసింది. 1992 నుంచి, ఎవరైనా మాత్ర తెచ్చి ఇస్తే పేరు అడక్కుండా పరీక్షించి అందులో ఏముందో చెబుతారు. 2014 డిసెంబరులో గులాబిరంగు సూపర్‌మ్యాన్ బొమ్మ మాత్రలో మరో విషపు మందు బయటపడితే దేశమంతా హెచ్చరించారు. ఆ హెచ్చరిక అందని ఇంగ్లండులో కొందరు కుర్రాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలా పరీక్షించడం తప్పా ఒప్పా అని మీరూ నేనూ వాదించుకోవచ్చు. తెలిసి ఉండటం మాత్రం ప్రాణం కాపాడుతుంది.

రాత్రి ఒంటిగంటకు బయట గదిలో బెంచీ మీద కూర్చుని మా అమ్మాయిని సూటిగా అడిగాను, "నువ్వు తీసుకున్నావా?" అని. "ఇస్తామన్నారు, వద్దన్నాను" అంది. కాసేపాగి, క్రితంసారి ఒక స్నేహితురాలు తీసుకుని వణికిపోతే ప్రథమ చికిత్స గదికి నడిపించుకెళ్ళి తెల్లవారేదాకా పక్కన కూర్చున్నానని చెప్పింది. ఆ సంగతి ఏడాదిగా దాని కడుపులోనే ఉంది. ఇంట్లో కూర్చుని ఫోనులో అడిగితే నాకు తెలిసేదా? తిట్టలేదు, మెచ్చుకోలేదు. "ఏమైనా సరే ముందు డాక్టరు దగ్గరికి, తర్వాత నాకు ఫోను, అర్ధరాత్రైనా సరే" అన్నాను. తల ఊపింది.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు

చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు తప్పనిసరి. శబ్దం 85 డెసిబెల్స్ ఉంటే ఎనిమిది గంటలు భరించవచ్చంటారు, మన మిక్సీ మోత ఇంచుమించు అంత. పైన పెరిగే ప్రతి మూడింటికీ ఆ సమయం సగమవుతుంది. 100కి చేరేసరికి పావుగంటే. నేను వెళ్ళినప్పుడు అక్కడి ఒప్పందం ప్రకారం పావుగంట సగటు 103 దాటకూడదు. లెక్క మీరే వేసుకోండి. స్పీకర్లకు దూరంగా నిలబడండి, గంటకోసారి బయటికి రండి. నీళ్ళు కొంచెం కొంచెంగా తాగండి. గుండె జబ్బు, బి.పి. ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వెళ్ళొద్దు. తిరిగి వెళ్ళే దారి, పడుకునే చోటు ముందే చూసుకోండి. నేను రెండింటికే బయటపడి దగ్గర్లోని గదికి చేరాను. అమ్మాయి తెల్లారి వచ్చింది.

మా అమ్మాయి ఇప్పటికీ వెళుతోంది. నాకు భయం పూర్తిగా పోలేదు, పోదు కూడా. కానీ ఇప్పుడు వెళ్ళేముందు చెబుతుంది, వచ్చాక చెబుతుంది. మీ పిల్లలు వెళ్ళేది రేవ్ కాకపోవచ్చు. హాస్టల్లో పుట్టినరోజు పార్టీ కావచ్చు, గోవా ప్రయాణం కావచ్చు. ఒక్కసారి "నేనూ వస్తాను" అని చూడండి. తీసుకెళ్ళకపోయినా ఫరవాలేదు, కనీసం అక్కడేముంటుందో కూర్చుని చెబుతారు. ఆ చెప్పడం ఆగకుండా చూసుకోండి.